ఖాళీ బిందెల పేరా

బడుల్లో కొత్తగా ఉద్యోగాలకు చేరుతున్న పిల్లలూ, "ఈరోజు నేను చెప్పిందంతా క్లాసుకు అర్థమైంది" అని ఇంటికొచ్చి సంతోషంగా కాఫీ తాగుతుంటే, ఆ కాఫీ పూర్తయ్యాకే ఇది చదవండి. ముందే చదివితే కాఫీ చేదవుతుంది.

నేను పంతులును కాను. రికార్డు అసిస్టెంటుగా చేరి, రికార్డు అసిస్టెంటుగానే రిటైరయ్యాను. అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీలు, హాజరు పట్టీలు, వానాకాలంలో వాటిని చెదల నుంచి కాపాడటం, ఇదీ నా ఉద్యోగం. చదువు పదో తరగతి. ఈ మాట చెప్పిన వెంటనే ఇంకో మాట చెప్పకుండా ఉండలేను, మా ఆవిడ ఇప్పటికీ దీనికి నవ్వుతుంది. నందికొట్కూరు గ్రంథాలయంలో ఆ రోజుల్లో ఐదు బీరువాలుండేవి. ఐదూ చదివేశాను. హోమియో వైద్యం, తేనెటీగల పెంపకం, రష్యా నవలలు, జైళ్ల సంస్కరణ, ఏది ముందు చేతికొస్తే అది. లైబ్రేరియన్ భోజనానికి పోతూ తాళంచెవులు నాకిచ్చి పోయేవాడు.

చదవడంలో నాకొక పద్ధతి ఉండేది. ఎక్కడా ఆగకూడదు. అర్థం కాని చోటు వస్తే దాటేయడమే. ముందుకు పోతే అదే తెలుస్తుందిలే అనుకునేవాణ్ణి. తెలిసిందో లేదో వెనక్కి తిరిగి చూసుకున్నది మాత్రం లేదు. ఐదు బీరువాలు పూర్తి కావాలంటే వెనక్కి చూస్తే కుదురుతుందా?

సగం సర్వీసు కర్నూలు వైపు చేసి, మ్యూచువల్ బదిలీ మీద కడప జిల్లాలో ఒక నేతపని ఊరికి వచ్చాను. ఊళ్లో ఏ వీధిలో నడిచినా మగ్గం చప్పుడే. మా హెడ్మాస్టరుది కూడా కర్నూలు జిల్లానే కాబట్టి నాతో చనువుగా ఉండేవాడు. ఆ చనువుతోనే పదో తరగతి ప్రీఫైనల్ మార్కులు వచ్చిన రోజు నన్ను పిలిచాడు. టేబుల్ మీద ఐదు జవాబు పత్రాలున్నాయి.

"ఏమప్పా, ఐదు బీరువాలు చదివినా అంటాంటావు గదా ఎప్పుడూ?"

"అవును సార్," అన్నాను, కొంచెం ఛాతీ విరుచుకుని.

"తెలుగులో ఐదు మంది తప్పినారు. బీరువాకొకరు. సాయంత్రం చివరి గంట నీకిస్తాండా. మిగతా నలభై మందిని మేడమ్మ చూసుకుంటాది, వీళ్లను నువ్వు గట్టెక్కించు."

పత్రాలు తిరగేశాను. అందులో ఒక పిల్లకు లెక్కల్లో తొంభై రెండు వచ్చినట్టు నాకు గుర్తు, రిజిస్టరులో ఎక్కించింది నేనే కదా. తెలుగులో ఇరవై ఆరు! నేతపని వాళ్ల పిల్ల. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష వినపడదు.

"దీని సంగతే నాకు బెంగ," అన్నాడు హెడ్మాస్టరు. "పాలిటెక్నిక్‌కు పోవల్లని శానా ఆశ ఆ పిల్లకు. వాళ్ల నాయన ఒకటే మాట చెప్పినాడు. ఒక్క దెబ్బకు పాసైతే పంపిస్తా, తప్పితే మగ్గం మీద కూర్చోవల్ల అని. వాళ్లమ్మకు నడుము పట్టేసి రెండో మగ్గం ఖాళీగా ఉండాదంట. ఆయప్పను తప్పు పట్టేదానికి ల్యా. పరీక్షకు రెండు నెలలుండాది. చూడప్పా."

ఆ సాయంత్రం నుంచి నేను సారునయ్యాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. బల్లల మీద ఐదుగురు. వాళ్లలో ఇంకా గడ్డం రాకుండానే రోజూ గడ్డం గీసుకుని వచ్చేవాడొకడు. చివర కిటికీ పక్కన ఆ పిల్ల.

పదో తరగతి తెలుగు పేపర్లో, అంతకుముందు ఎన్నడూ చూడని ఒక పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలడుగుతారు. దానికి మా తెలుగు మేడమ్మ ఒక కిటుకు నేర్పింది. ప్రశ్నలో ఏ మాట ఉందో చూడు, పేరాలో ఆ మాట ఎక్కడుందో వెతుకు, ఆ వాక్యం దించెయ్. మార్కులు పడతాయి. నలభై అయిదు మందిని పెట్టుకుని ఆమె ఇంకేం చేయగలదు? కానీ ఐదు బీరువాల మనిషిని కదా, నాకది చిన్నచూపుగా తోచింది. "నేను అర్థం చెప్తాను మేడమ్," అన్నాను ఆమెతో. "చెప్పండి సార్, పిల్లలు మిమ్మల్ని ఎంత కంగారు పెడతారో చూద్దాం," అని ఆమె నవ్వింది.

పది రోజులు చెప్పాను. పేరా చదవడం, దాన్ని ఇరవై నిమిషాలు వివరించడం, మధ్యలో తేనెటీగల నుంచి, జైళ్ల నుంచి ఉదాహరణలివ్వడం. చివర "అర్థమైందా?" అనడం. "అయ్యింది సార్!" అని ఐదుగురూ ఒకే గొంతుతో అనడం. అర్థమైందా, అయ్యింది సార్ అనే ఈ రెండు మాటల మీదే మన బడులన్నీ నడుస్తున్నాయని నాకప్పటికి తెలియదు.

పదకొండో రోజు అభ్యాస పుస్తకంలోంచి ఒక పేరా తీశాను. ఇంచుమించు ఇలా ఉంటుంది: "అధికారి గ్రామానికి వచ్చిన రోజు బావి గట్టున పూలదండలు వేలాడాయి. ఆయన చేదతో నీళ్లు తోడించుకుని తాగి, నీళ్లు చాలా తియ్యగా ఉన్నాయని గ్రామస్థులను మెచ్చుకున్నాడు. గ్రామస్థులు చప్పట్లు కొట్టారు. ఆయన జీపు ఊరు దాటగానే ఆడవాళ్లు ఖాళీ బిందెలతో పక్క ఊరి దారి పట్టారు."

నాకెంతో నచ్చిన పేరా. భావయుక్తంగా చదివాను. గ్రామాభివృద్ధి గురించీ, అధికారులకూ ప్రజలకూ మధ్య ఉండాల్సిన అనుబంధం గురించీ గొంతెత్తి చెప్పాను. ఆదర్శ గ్రామం అన్నాను. ప్రశ్నలు రాయించాను. అధికారి నీళ్లు ఎలా ఉన్నాయన్నాడు? తియ్యగా ఉన్నాయన్నాడు. ఆడవాళ్లు వేటితో వెళ్లారు? ఖాళీ బిందెలతో వెళ్లారు. అందరికీ అన్నీ ఒప్పే.

"అర్థమైందా?"

"అయ్యింది సార్!"

ఈసారి నాలుగు గొంతులే వినపడ్డాయి. కిటికీ పక్క నుంచి, "కాలేదు సార్," అని వచ్చింది.

నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. "ఏది కాలేదమ్మా? ఇంతసేపు చెప్పినానే!"

"ఆ బాయిలో నీళ్లుంటే, పక్కూరికి ఎందుకు పోతారు సార్?"

నేను మళ్లీ పేరా వైపు చూశాను. ఖాళీ బిందెల దగ్గర చూపు ఆగింది.

గడ్డం గీసుకొచ్చేవాడు తల గోక్కుంటూ, "ట్యాంకరుతో పోసింటారు సార్," అన్నాడు. "మా అమ్మమ్మోళ్ల ఊర్లో గూడ అంతే. పెద్ద సారు వస్తాండాడని పొద్దున్నే బాయిలో రెండు ట్యాంకర్లు దించినారు. సాయంత్రానికి అడుగు తేలింది."

"అయితే ఆ అధికారిని మోసం చేసినారా?" అంది ఇంకో పిల్ల.

"ఆయప్పకు తెలీకుండా ఉంటాదా? తెలిసే తాగినాడేమో!" అన్నాడు పక్కవాడు.

ఐదుగురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. పది రోజుల్లో వాళ్ల గొంతులు విడివిడిగా వినడం నాకదే మొదలు. ఎండకాలం బిందె పట్టుకుని కిలోమీటరు నడిచిన పిల్లలు వాళ్లు. ఆ బావి సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే. నేను మాత్రం ఆదర్శ గ్రామం అని చెప్పి, అందులోని నీళ్లను గుటకలేసి తాగేశాను.

మర్నాడు స్టాఫ్‌రూంలో తెలుగు మేడమ్మకు దాచకుండా చెప్పాను. ఆమె పడీపడీ నవ్వి, తర్వాత పేరా తీసి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"సార్, ఈ పేరా నేను ఆరేళ్లుగా చెప్తున్నాను. నేనూ చూడలేదు." పుస్తకం మూసి, "అంత తెలివైన పిల్ల మరి తెలుగులో ఎందుకు తప్పిందో మీకు తెలిసిందా?" అంది.

తెలియలేదు. అది తెలుసుకుందామని ఐదుగురికీ గంట వ్యవధితో ఒక పరీక్ష పెట్టాను. నలుగురు మేడమ్మ కిటుకుతో ఇరవై నిమిషాల్లో దించేసి, కిటికీలోంచి కబడ్డీ చూస్తున్నారు. ఆ పిల్ల రెండు జవాబులు రాసింది. తర్వాత కలం కదల్లేదు. మూడో వాక్యం మీద వేలు పెట్టి, గంట అయ్యేదాకా అక్కడే చూస్తూ కూర్చుంది.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఈడ తెలీలేదు సార్. ఆలోచిస్తాండా."

"తెలీకుంటే దాటి ముందుకు పోవాల. నేను ఐదు బీరువాలు..."

"దాటి పోతే ఎట్ల సార్? పోగు తెగితే మగ్గం ఆపాల. తెగినదాన్ని ఇడిసిపెట్టి నేస్తే చీరలో సందు పడతాది." అక్కడితో ఆపిందా? ఆపలేదు. "మీరు అట్ల దాటి పోతాంటారు గాబట్టే ఆ బాయి సంగతి చూడల్యా."

మిగతా నలుగురూ కబడ్డీ మానేసి ఆనందంగా నా ముఖం చూశారు.

మొత్తం క్లాసులో చదివింది అర్థం కావాలని పట్టుబట్టిన పిల్ల ఆమె ఒక్కతే, తప్పిందీ అందుకే. అర్థం కాకపోయినా దించేసే వాళ్లు పాసవుతారు; మిగతా నలుగురు తప్పింది సగం రోజులు బడికి రాక, ఆ సంగతి నా హాజరు పట్టీలే చెప్తాయి. ఈమె ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయి, మిగతా పేపరంతా తెల్లగా ఇచ్చేస్తుంది. ఆగకుండా చదివే నేను ఆమెకు ఏం చెప్పాలి? ఆగొద్దు అనలేను, బావి సంగతి అయ్యాక నోరు రాదు. ఆగు అనలేను, రెండో మగ్గం కాచుకుని ఉంది. పరీక్ష నెలన్నరలో ఉంది.

ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లాను. ఒకటే పెద్ద గది. గుంతలో కాళ్లు పెట్టుకుని వాళ్ల నాయన నేస్తున్నాడు. పక్కన రెండో మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది.

"రాండి సార్, కూర్చోండి. ఏమంటాంది మా పాప? మీకు ఎదురు చెప్తాంటాదంట గదా!"

"చెప్పనీ, మంచిదే," అన్నాను పెద్ద మనసుతో. ఊరికే ఉండలేక, మూడో బీరువాలో చేనేత మీద చదివిన పుస్తకంలోని సంగతులు ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. నలభై ఏళ్లుగా నేస్తున్న మనిషికి! ఆయన ఎంతో ఓపిగ్గా విని, "అట్లనా సార్!" అన్నాడు. పిల్ల తల తిప్పుకుని వాళ్లమ్మ వెనక నవ్వుకుంది.

అంతలో ఒక పోగు తెగింది. ఆయన చెయ్యి ఆగింది. పక్కన వేలాడుతున్న దారం ముక్కల్లోంచి ఒకటి లాగి, తెగిన చోట ముడేసి, అడ్డపోగు లాగే నాడెను మళ్లీ విసిరాడు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. నేత మాత్రం తెల్లది. అతికిన ముక్క ఎర్రది.

"అదేందప్పా, రంగు వేరే కదా?"

"వేరే రంగే మంచిది సార్. యాడ అతికినామో మళ్ల కనపడతాది. చీర దిగినాంక దాన్ని పీకేసి, సరైన పోగు సూదితో ఎక్కిస్తా. ఇప్పుడే సరైందాని కోసం పెట్టెలన్నీ ఎతుక్కుంటా కూర్చుంటే, చీర ఎప్పుడు దిగుతాది?"

నేను పిల్ల వైపు చూశాను. ఆమె ఆ ఎర్ర ముక్క వైపు చూస్తోంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

"నాయనా, పుస్తకంలో గూడ అట్ల చేయొచ్చా?"

"పుస్తకం ఏమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా పాపా? అది గూడ ఎవురో కూర్చుని నేసిందే గదా." ఆయన నాడె ఆపకుండానే అన్నాడు. "ఆపాల. కానీ ఆన్నే కాపురం పెట్టగూడదు."

సోమవారం అంగడిలో ఆరు ఎర్ర పెన్సిళ్లు కొన్నాను. ఐదు వాళ్లకు, ఒకటి నాకు. చదువుతూ ఎక్కడ తెలియకుండా పోతే అక్కడ ఆగాలి. "ఇది ఇదై ఉంటుంది" అని తోచిన అర్థం ఎర్ర పెన్సిల్‌తో పైన రాసుకోవాలి. ముందుకు పోవాలి. పేరా అయ్యాక వెనక్కొచ్చి, ఆ ఎర్ర మాట నిలుస్తుందో లేదో చూసుకోవాలి. నిలవకపోతే కొట్టేసి సరైనది రాయాలి. "అర్థమైందా?" అని అడగడం ఆ రోజుతో మానేశాను. "యాడ తెగింది?" అనేవాణ్ణి. మొదటి వారం గడ్డం గీసుకొచ్చేవాడు "యాడా తెగలే సార్!" అని గర్వంగా చెప్పేవాడు. ఏమీ తెగలేదన్నవాడు లేచి ఆ పేరా కథను సొంత మాటల్లో చెప్పాలని షరతు పెట్టాను. రెండో వారానికి వాడి పేపరు నిండా ఎర్ర గీతలే.

నా పెన్సిల్ సంగతి కూడా చెప్పాలి కదా. చిన్నప్పుడు ఆపకుండా చదివేసి, తర్వాత కొనుక్కున్న ఒక రష్యా నవలను ఇంట్లో మళ్లీ తెరిచాను. పది పేజీలు కాకముందే, మా ఆవిడ వచ్చి చూసి, "ఏంది, పుస్తకానికి అమ్మవారు పోసిందా?" అంది. ఐదు బీరువాలకూ కలిపి ఎన్ని పెన్సిళ్లు కావాల్సి వచ్చేవో లెక్క వేసుకోలేదు. వేసుకోకపోవడమే ఆరోగ్యానికి మంచిది.

ఆ పిల్లకు మాత్రం అంత సులభంగా రాలేదు. తోచిన అర్థం రాసి ముందుకు పోవడమంటే ఆమెకు అబద్ధం రాసినట్టుండేది. "తప్పు రాసినానేమో సార్," అని మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చేది. గంటలో మూడు జవాబులు, తర్వాత నాలుగు, ఒకరోజు మళ్లీ రెండు. తెలుగు మేడమ్మ కూడా ఇంటికి పోకుండా వచ్చి వెనక బల్ల మీద కూర్చునేది. ఒకరోజు ఆమె గడియారం తీసి పిల్ల ముందు పెట్టి, "తప్పు రాసినా పర్లేదు పాపా, నేను దిద్దుతాను. తెల్లకాగితం ఇస్తే దేన్ని దిద్దేది?" అంది. మేడమ్మ ఆరేళ్లలో అంత మంచి పాఠం చెప్పి ఉండదని నేనన్నాను. "మీరు చెప్పనిస్తే రోజూ చెప్తాను సార్," అంది. ఆ మాట అర్థం కావడానికి నాకు పెన్సిల్ అక్కర్లేకపోయింది.

చివరి పదిహేను రోజులు పెన్సిళ్లు లాగేసుకుని, అన్నీ చిత్తు కాగితం మీదే రాయమన్నాం. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం మీద గీతలు గీయనివ్వరు కదా.

తెలుగు పరీక్ష రోజు సెంటరు గేటు బయట నేనూ, మోపెడ్ మీద వచ్చిన ఆమె నాయనా నిలబడ్డాం. పదకొండుకే తల మాడిపోతోంది. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, "సార్, తప్పితే నేను మాట తప్పలేను. అట్లని దాన్ని కూర్చోబెట్టడం నాకిష్టమని కాదు," అన్నాడు. నాకు తెలుసన్నాను. గంట కొట్టారు. పిల్లలంతా వచ్చేశారు. గడ్డం గీసుకొచ్చేవాడు దూరం నుంచే, "దుమ్ము లేపినా సార్!" అని అరుస్తూ పోయాడు. ఆ పిల్ల కనపడలేదు. వాళ్ల నాయన గేటు ఊచలు పట్టుకున్నాడు. ఏదో వాక్యం దగ్గర ఆగిపోయింది, పేపరు లాక్కుంటే ఏడుస్తూ కూర్చుంది అనుకున్నాను.

అందరికన్నా చివర వచ్చింది. చేతి వేళ్ల నిండా సిరా.

"ఎట్ల రాసినావు పాపా?"

"అన్నీ రాసినా నాయనా. శానా చోట్ల తెగింది. అతుక్కుంటా పోయినా." అని, నా వైపు తిరిగి, "చెయ్యి పడిపోయింది సార్," అంది.

అంతకుమించి ఏమీ అడగొద్దని ఆయన నాకు కళ్లతోనే చెప్పాడు.

ఫలితాల రోజు హెడ్మాస్టరు ఫోను చుట్టూ మేమూ పిల్లలూ చేరాం. సైటు తెరుచుకోదు. ఆయన నెట్‌ను తిట్టి, ఫోనును తిట్టి, చివరికి నన్నూ తిట్టాడు. తెరుచుకుంది. ఐదుగురూ పాస్. ఆ పిల్లకు తెలుగులో యాభై నాలుగు. గడ్డం గీసుకొచ్చేవాడికి డెబ్బై ఒకటి.

"ఏమప్పా," అన్నాడు హెడ్మాస్టరు నవ్వు ఆపుకోలేక, "అర్థం చేసుకున్న పిల్లకు యాభై నాలుగు, మేడమ్మ కిటుకు పట్టుకున్నోనికి డెబ్బై ఒకటా?"

"కిటుకు కాదు సార్," అని వాడు వాదించాడు గానీ ఎవరూ నమ్మలేదు. నాకు మాత్రం సగం నమ్మకం కుదిరింది.

పిల్ల నాయనకు ఫోను చూపించాం. ఆయన అంకెలను రెండుసార్లు వేలితో తడిమి చూసి, "సరే పాపా, పెట్టె సర్దుకో," అన్నాడు. "రెండో మగ్గం గూడ నేనే చూసుకుంటాలే. మీ అమ్మ నడుము బాగైతే ఆయమ్మ, కాకుంటే నేను." అని కళ్లు తుడుచుకోవడానికి బయటికి పోయాడు. బయట ఎండ ఎక్కువగా ఉందని మేమందరం ఒప్పుకున్నాం.

అందరూ పోయాక ఆ పిల్ల నా గదికి వచ్చింది. చేతిలో మడత పెట్టిన తెలుగు ప్రశ్నపత్రం. టీసీ కోసమేమో అనుకుని రిజిస్టరు తీశాను.

"అది తర్వాత సార్. ఈ పేరా చూడండి."

పరీక్షలో ఇచ్చిన పేరా. చిన్నది. ఎండిన చేని గట్టున ఒక ముసలమ్మ కూర్చుని విత్తనాలు ఏరుతుంటుంది. దారిన పోయే పెద్దమనిషి ఆగి, "వాన జాడే లేదు, ఇవి ఏరి ఏం చేస్తావు?" అంటాడు. ఆమె నవ్వి, మళ్లీ ఏరుకుంటుంది. అంతే. కింద ప్రశ్నలు చూశాను. ముసలమ్మ ఎక్కడ కూర్చుంది? ఏమి ఏరుతోంది? పెద్దమనిషి ఏమన్నాడు?

"అన్నిటికీ రాసినా సార్. కానీ వీళ్లు అడగల్సింది అడగల్యా. ఆయమ్మ ఎందుకు నవ్వింది?"

మార్కులు వచ్చేశాయి. సీటు వస్తుంది. ఇక ఈ ప్రశ్నతో ఎవరికీ పనిలేదు. పనిలేని ప్రశ్నను ఒక పిల్ల మడత పెట్టి నెల రోజులు దాచుకుని నా దగ్గరికి తెచ్చింది. నేను కళ్లద్దాలు సర్దుకున్నాను.

"ఆశ అమ్మా. మనిషికి భవిష్యత్తు మీద ఉండే ఆశ. వాన ఎప్పటికైనా వస్తుందని..."

"ఆశ అయితే ఆయప్పకు చెప్పొచ్చు గదా సార్, వాన వస్తాది అని? చెప్పకుండా నవ్వి ఊరుకునింది ఎందుకు?"

మళ్లీ చదివాను. నిదానంగా, వేలు పెట్టి. నిజమే, ఆమె జవాబు చెప్పలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాను. నా సర్వీసులో ఆ మాట అన్నది అదే మొదటిసారేమో.

"మా అవ్వ గూడ అట్లనే నవ్వుతాది సార్," అంది ఆ పిల్ల. "చెప్పినా ఈయప్పకు తెలీదులే అనుకున్నప్పుడు."

ఎంత బాగా చెప్పింది! నాకు ఉత్సాహం ఆగలేదు. రిజిస్టరు మూసి, కుర్చీ ముందుకు జరుపుకుని, "అంటే ఇందులో ఇంకో లోతైన విషయం కూడా ఉందమ్మా, అదేమిటంటే..." అని వివరించబోయాను.

ఆ పిల్ల నవ్వి, ప్రశ్నపత్రం మడత పెట్టుకుంది.